తుడుపయ్య

మా సామికి దున్నపోతు లేదు, పాశం లేదు.
లెక్కలు రాసే గుమాస్తా కూడా లేడు,
జీతమియ్యడానికి ఆయన దగ్గర ఏముంది గనక.
ఎడంచేతిలో ఒక దొండాకు. అంతే.
మార్కాపురం దాటాక తర్లుపాడు దోవలో
నీళ్లు నిండిన పాత పలకల గని,
దాని అడుగున ఉంటాడంటారు తుడుపయ్య.
చూసినోళ్లెవరూ తిరిగొచ్చి చెప్పలేదు.

గుళ్లో బొమ్మ లేదు.
చెక్క చట్రంలో ఒక ఖాళీ పలక.
దానికి కుంకుమ పెట్టకూడదు,
మరక పడితే సామికి పని పెరుగుతాది.

బిడ్డ పుట్టిన పదకొండో నాడు పలక వస్తాది.
పేరు రాసి దూలానికి తగిలిస్తారు.
రాయగా మిగిలిన బలపం తల్లి తినాల.
మా అమ్మ ఇంకోటి అడిగి తినిందంట,
కడుపుతో ఉన్నప్పుడే రుచి మరిగి.

చచ్చిన రోజు దించుతారు.
సొంత మనుషులు తుడవకూడదు,
చెయ్యి వణుకుతాది, సగం అక్షరం మిగిలిపోతాది.
అప్పిచ్చినోడు తుడవాల.
వాడు లేకపోతే, తగాదా పడినోడు.
అప్పూ తగాదా రెండూ లేని మనిషికి
మా ఊళ్లో చావు కష్టం.
నీళ్లు చాలకపోతే ఉమ్మి.
బళ్లో ఉమ్మితో తుడిస్తే వీపు పగిలేది.
సరస్వతమ్మకి తప్పు,
మా సామికి ఒప్పు.

పూజారి నన్నేబీ.
ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో పలకల అంచులు అరగదీసిన చెయ్యి.
వేలిముద్రలు లేవు, రేషన్ మిషను ఆమెని ఒప్పుకోదు.
"సామి నన్ను ముందే సగం తుడిచేశాడు" అని నవ్వుతాది.

మా నాయన పాలంకయ్య
గనిలో పొరలు విడదీసేవాడు.
ఉలి పెట్టి, చెవి ఆనించి, ఒక్క దెబ్బ,
రాయి ఆకులాకులుగా విచ్చుకునేది.
ఆయన తీసిన పొరల మీద
ఏయే ఊళ్ల పిల్లలు అ ఆలు దిద్దారో.
ఆయనకి అవి రావు.
దగ్గు వచ్చు.
చివరి రెండేళ్లూ కూర్చునే నిద్రపోయాడు.
ఒంగోలు డాక్టరు ఫొటోని వెలుతురుకి పెట్టి
"లోపలంతా పలకే" అన్నాడు.

పోయిన కార్తీకంలో పలక దించాం.
సుబ్బరత్నం శెట్టి వచ్చాడు, ఎనిమిది వేలు బాకీ.
దొండాకు నలిపి తుడిచాడు, పేరు పోయింది.
దాని కింద ఇంకేదో మిగిలింది.
నీళ్లు పోశాడు. ఉమ్మాడు.
పంచె చెంగు నల్లబడింది గానీ అది పోలేదు.
ఎండకి వంచి చూస్తే
ఉలితో గీసిన అడ్డగీత, దాని కింద చిన్న గుండ్రం.
అమ్మ ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది.
అదేందో ఇప్పటికీ చెప్పలేదు.

శెట్టి ఆకు కింద పెట్టేశాడు,
"బాకీ వదిలేశా, నన్నొదలండి."
సామి ఓడిపోయాడా అన్నారెవరో వెనకనుంచి.
నన్నేబీ పలకని బొటనవేలితో తడిమింది.
అచ్చుల్లేని వేలు, దానికే బాగా తెలుస్తాదంట.
"తుడిస్తే పోయేది కాదు. అరగదీయాల."
నా వైపు తిరిగింది.
"మీ నాయనతో నీకేమన్నా తగాదా ఉందా?"

ఉంది.
పలకలు చేసే ఇంట్లో పుట్టిన నన్ను
ఏడో తరగతిలో బడి మాన్పించి
ఫ్యాక్టరీలో పెట్టాడు.
ఆ మాట ఆయన ఉండగా
ఒక్కనాడూ అనలేదు.
ఊరంతా వినేట్టు అప్పుడన్నాను.

"అయితే కూర్చో" అంది.

తడి ఇసకతో రుద్దితే పొడి లేవదు.
ఆ సంగతి నాకు తెలుసు, నన్నేబీకీ తెలుసు.
పొడి ఇసకతోనే రుద్దాను.
ఆమె చెంబు నా వైపు జరిపింది,
నేను మళ్లీ అవతలికి జరిపాను.
చెయ్యి వణకలేదు.

పొద్దు వాలేసరికి పలక
అప్పడమంత పల్చబడింది, ఏమీ లేదు దాని మీద.
గని నీళ్లలోకి జారవిడిచాం.
చప్పుడు కాలేదు.

చట్రం మాత్రం తెచ్చి దూలానికే తగిలించా.
అందులోంచి గోడ కనిపిస్తాది,
బల్లి ఒకటి వస్తా పోతా ఉంటాది.

రాత్రి చీకట్లోంచి అమ్మ,
"ఏందే ఆ దగ్గు?"

ఏం లేదు పడుకో అన్నాను.
గొంతులో చిన్న గుండ్రం,
దాని మీద అడ్డగీత.